పింగ్‌లో సున్నా వచ్చిందంటే సిస్టమ్ ఆన్‌లో ఉన్నట్టేనా?

నమస్కారమండీ. అనంతపురం నుంచి మాట్లాడతాండాను. ఇక్కడ నెట్ సెంటర్లు, స్కూలు ల్యాబులు చూసుకునే పిల్లోళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, పింగ్‌తో బ్యాచ్ ఫైల్ రాసినా. అన్ని సిస్టమ్‌లూ ఆన్‌లో ఉండాయని చూపిస్తాంది. పోయి చూస్తే రెండు ఆఫ్‌లో ఉండాయి. ఏం తప్పు?" ఈ వీడియో దాని గురించే. పింగ్ అంటే ఇంకో సిస్టమ్‌కి చిన్న ప్యాకెట్ పంపి జవాబు వస్తుందా అని చూసే కమాండ్. బ్యాచ్ ఫైల్ అంటే విండోస్‌లో కమాండ్లు వరసగా రాసిపెట్టే ఫైల్.

ముందు లైనక్స్. ఇది బిరబిరా పోదాం. టెర్మినల్ తెరిచినా. పింగ్, హైఫన్ సి 4, 8.8.8.8, అది గూగుల్ సర్వర్ నంబరు, ఎంటర్. నాలుగు పోయినాయి, నాలుగు వచ్చినాయి. ఇప్పుడు ఎకో, డాలర్, క్వశ్చన్ మార్క్. సున్నా, కనపడిందా? ఇదే ఎగ్జిట్ కోడ్, అంటే పని ఎట్లా అయిందో చెప్పి కమాండ్ వదిలిపోయే నంబరు. ఈ ఎకో పింగ్ అయిపోయిన వెంటనే కొట్టల్ల. మధ్యలో ఫైళ్ళ లిస్టు చూపించే ఎల్ఎస్ కొట్టినా సరే, పింగ్ కోడ్ పోయి ఎల్ఎస్ కోడ్ వస్తుంది. పైప్ పెట్టి, అంటే పింగ్ చూపించిందాన్ని మాటలు వెతికే గ్రెప్ కమాండ్‌కి పంపినా అంతే. మీకు వచ్చేది గ్రెప్ కోడ్.

రెండోది. ఈ ల్యాబులో ఎవరికీ ఇయ్యని నంబరు, 192.168.1.250. కొడితిని... ఆగండి, కొంచెం టైమ్ పడుతుంది... ఆ, వచ్చింది. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్. కింద లైన్ చూడండి, సున్నా రిసీవ్డ్, ప్లస్ 4 ఎర్రర్స్. కోడ్ 1. పంపినాం, ఒక్క జవాబూ రాలేదని అర్థం.

మూడోది. పింగ్, అనంత డాట్ ఇన్వాలిడ్. ఈ డాట్ ఇన్వాలిడ్‌ని 1999లోనే ఇట్లాంటి వాటికని పక్కన పెట్టినారు. ఎవరూ కొనలేరు, ఎప్పటికీ తెరుచుకోదు. టెస్టింగ్‌కి నేను ఎప్పుడూ దీన్నే వాడతా. కోడ్ 2. ఇక్కడ ప్యాకెట్ బయటికే పోలేదు, పేరుకు అడ్రస్సే దొరకలేదు. 2 వచ్చిందంటే వెంటనే పేరు తీసేసి నంబరుతో కొట్టండి. నంబరుకు జవాబు వచ్చి పేరు దగ్గర ఆగితే, తప్పు డిఎన్ఎస్‌లో, అంటే పేరుకు నంబరు వెతికిచ్చే దాంట్లో. నంబరుకు కూడా నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్ అని 2నే వస్తే, గేట్‌వే, అంటే మన నెట్‌వర్క్ నుంచి బయటికి పోయే దారి, దాని సెట్టింగు చూడల్ల. మ్యాక్‌లో మాత్రం ఈ లెక్క వేరే, అక్కడ జవాబు రాకపోతేనే 2 వస్తుంది. కలుపుకోవద్దండి.

ఇంకొకటి. నాలుగు పంపితే ఒక్కటే వచ్చిందనుకోండి, అప్పుడు కూడా కోడ్ సున్నానే. మూడు పోయినా సున్నానే! అందుకని హైఫన్ సి 4 పక్కన హైఫన్ డబ్ల్యూ 5 కూడా పెట్టండి, చిన్న డబ్ల్యూ. ఐదు సెకన్లలో నాలుగూ రాకపోతే 1 ఇస్తుంది. సరే, లైనక్స్ అయిపోయింది.

ఇప్పుడు విండోస్. ఇక్కడ నిదానంగా పోదాం, పిల్లోళ్ళందరూ ఆగేది ఇక్కడే. సిఎమ్‌డి, అదే విండోస్ కమాండ్ విండో, తెరిచినా. అదే నంబరు, 192.168.1.250. ఏమొచ్చింది? రిప్లై ఫ్రమ్ 192.168.1.10, డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్. కింద చూడండి. సెంట్ 4, రిసీవ్డ్ 4, లాస్ట్ సున్నా. సున్నా శాతం లాస్ అంట! విండోస్‌లో కోడ్‌ని ఇట్లా చూస్తాం, ఎకో, పర్సెంట్, ఎర్రర్‌లెవెల్, పర్సెంట్. సున్నా. లేని సిస్టమ్‌కి సున్నా.

మళ్ళీ చదువుదాం. రిప్లై ఫ్రమ్ అని ఉంది. ఎవరు ఇచ్చినారు ఆ రిప్లై? మనం అడిగింది 250ని. చెప్పింది 10. ఈ 10 ఎవరు? మన సిస్టమే! 250 ఎవరప్పా అని ల్యాబంతా కేకేసింది, అదే ఏఆర్‌పీ, ఎవరూ పలకలేదు, దొరకలేదని మనకి తనే చెప్పింది. ఆ మాటనే విండోస్ జవాబు కింద లెక్కేసుకుంది. వేరే నెట్‌వర్క్‌లోని నంబరు అయితే ఇదే మాట మధ్యలో ఉన్న రౌటర్ చెప్తుంది. పింగ్ మాట్లాడే భాష ఐసిఎమ్‌పీ, దాంట్లో అసలు జవాబు టైప్ 0, అన్‌రీచబుల్ టైప్ 3. 1981 నుంచీ ఇవి రెండూ వేరేవే. ఎర్రర్‌లెవెల్ ఆ తేడా మీకు చెప్పదు, అంతే. లైనక్స్ ఇదే దానికి 1 ఇచ్చింది, ఇందాక చూస్తిమి కదా.

మరి ఏం చేయల్ల? అసలు జవాబులో ఒకటి ఉంటుంది, దీంట్లో ఉండదు. టిటిఎల్, అంటే ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్క. అందుకని పింగ్, హైఫన్ 4, హైఫన్ ఎన్ 1, నంబరు, పైప్, ఫైండ్, డబుల్ కోట్స్‌లో టిటిఎల్ ఈక్వల్ టు. క్యాపిటల్స్‌లోనే రాయండి, చిన్నక్షరాలు పెడితే ఫైండ్‌కి దొరకదు. పైప్ పెడితే చివరి కమాండ్ కోడ్ వస్తుందంటిని కదా, ఇప్పుడు మనకు కావల్సింది అదే. ఫైండ్‌కి దొరికితే 0, దొరకకపోతే 1. కొడతాండా... 1. ఆఁ, ఇప్పుడు నిజం చెప్పింది. హైఫన్ 4 ఎందుకంటే, ఐపీవీ6, అంటే కొత్త రకం పొడుగు అడ్రస్సు, దాని జవాబులో విండోస్ టిటిఎల్ చూపించదు. పేర్లతో పింగ్ చేస్తే హైఫన్ 4 లేకుండా తప్పు రావచ్చు. మీ బ్యాచ్ ఫైల్‌లో ఈ ఒక్క లైన్ మార్చండి చాలు.

ఇంక రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్. ఇది వచ్చిందని సిస్టమ్ ఆఫ్ అనుకోవద్దు. ఫైర్‌వాల్ పింగ్‌ని మింగేసి ఉండొచ్చు. అప్పుడు కర్ల్‌తో, అంటే సర్వీసుకు నేరుగా కనెక్ట్ అయ్యే కమాండ్‌తో, మీకు కావల్సిన సర్వీసు పోర్టుకే, అంటే దాని తలుపు నంబరుకే, పోయి చూడండి. కర్ల్ కోడ్‌లు నాకు చాలా ఇష్టం, తేటగా ఉంటాయి. 6 అంటే పేరు దొరకలేదు. 7 అంటే కనెక్ట్ కాలేదు. 28 అంటే టైమ్ అయిపోయింది. 7 పక్కనే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని కూడా ఉంటే ఎక్కువసార్లు సిస్టమ్ ఆన్‌లోనే ఉంటుంది, ఆ పోర్టులో సర్వీసు నడవడం లేదు. అప్పుడు కేబుళ్ళు పీకద్దండి, పోయి సర్వీసు స్టార్ట్ చేయండి.