దుప్పటి కప్పిన తర్వాత

శ్రోతలందరికీ నమస్కారం.

2011 ఫిబ్రవరి 28 రాత్రి దేశమంతటా జనగణన సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టే రాత్రి అది. ఇళ్లలో ఉండేవాళ్లను లెక్కించడానికి దాదాపు మూడు వారాలు పడితే, ఇల్లు లేనివాళ్లకు కేటాయించింది ఆ ఒక్క రాత్రి. ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, రోడ్డు పక్కన పడి ఉన్న పెద్ద సిమెంటు గొట్టాల్లో ఎవరు నిద్రపోతున్నారో చూసి రాసుకున్నారు. సిమెంటు గొట్టాల ప్రస్తావన జనగణన నిర్వచనంలోనే ఉంది. తెల్లారేసరికి తేలిన లెక్క 17 లక్షల 70 వేల పైచిలుకు. అందులో సగానికి పైగా పట్టణాల్లోనే ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా లక్షా 40 వేలు దాటింది.

ఈ లెక్క చాలా తక్కువని నిరాశ్రయుల మధ్య పనిచేసే సంస్థలు అప్పటి నుంచీ అంటూనే ఉన్నాయి. వాళ్ల మాటలో నిజం ఉందని నాకు అనిపిస్తుంది. మార్కెట్లో రాత్రిపూట మూటలు మోసే మనిషి ఆ వేళ పడుకుని ఉండడు. ఒంటరి ఆడమనిషి నలుగురికీ కనబడే చోట పడుకోదు. యూనిఫాం వేసుకున్నవాళ్లు వస్తున్నారంటే లేచి పక్క సందులోకి వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. లాఠీ దెబ్బలు నేర్పిన అలవాటు అది.

నిరాశ్రయులకు సాయం అనగానే మనకు గుర్తొచ్చేవి రెండు: చలికాలంలో దుప్పట్లు, పండగ రోజు అన్నం పొట్లాలు. రెండూ మంచి పనులే. కాకపోతే దుప్పటి కప్పి మనం ఇంటికి వచ్చేశాక ఆ మనిషికి ఏం జరుగుతుందన్నది వేరే సంగతి. పొద్దున మున్సిపాలిటీ బండి వస్తే ఆ దుప్పటి చెత్తలో కలిసిపోవచ్చు. వర్షం వస్తే తడిసి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఈ రంగంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సంస్థలు పట్టుకున్న దారి వేరు. ఆ మనిషి పేరు ఏదో ఒక రిజిస్టరులో, ఏదో ఒక కార్డు మీద నమోదయ్యేదాకా వాళ్లు వెంట నడుస్తారు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఆ పని గురించే.

ముందు షెల్టర్ సంగతి. ప్రభుత్వ భాషలో పట్టణ నిరాశ్రయుల వసతి గృహం. చాలాచోట్ల భవనం మున్సిపాలిటీది, నడిపేది స్వచ్ఛంద సంస్థ. హైదరాబాదులో అమన్ వేదిక లాంటి సంస్థలు ఇలాంటి షెల్టర్లు నడుపుతున్నాయి. చాప, ఫ్యాను, బాత్రూము, తాగునీళ్లు ఉంటాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. తాళం వేసుకునే పెట్టె.

ఫుట్‌పాత్ మీద బతికే మనిషి తన ఆస్తి మొత్తం ఒక సంచిలో పెట్టుకుని, ఆ సంచినే తలగడగా చేసుకుని పడుకుంటాడు. గాఢనిద్ర పట్టిన రాత్రి సంచి పోతుంది. సంచితోపాటు ఆధార్ కార్డు పోతుంది, ఆసుపత్రి చీటీ పోతుంది, ఊళ్లో ఉన్న కూతురి ఫోన్ నంబరు రాసుకున్న కాగితం కూడా పోతుంది. మళ్లీ కార్డు కావాలంటే అడ్రసు అడుగుతారు. కార్డు లేకపోతే పింఛను రాదు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు. రోడ్డు మీద ఉన్న 70 ఏళ్ల మనిషికి ఆ డబ్బు చేతికొస్తే ఒక చిన్న గదిలో సగం అద్దె కట్టుకోగలడు. అయినా అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న ఆ మనిషే కాగితం లేక లైను బయట నిలబడాల్సి వస్తోంది. అందుకే మంచి షెల్టర్లో పనిచేసేవాళ్ల రోజులో ఎక్కువ భాగం ఆఫీసుల చుట్టూ తిరగడానికే పోతుంది. షెల్టర్ అడ్రసుతో బ్యాంకు ఖాతా తెరిపించడం, ఆధార్‌కు దరఖాస్తు చేయించడం, క్షయ మందులు మధ్యలో ఆగిపోకుండా చూడటం. ఫొటో తీసి చూపించుకునే పనులు కావివి. విరాళాలూ వీటికి తక్కువే వస్తాయి.

ఓటు సంగతి వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇల్లు లేనివాళ్లకూ ఓటు హక్కు ఉంది. ఎన్నికల సంఘం నిబంధనల ప్రకారం, నిరాశ్రయుడు ఓటరుగా నమోదయ్యే ఫారం 6లో తాను రాత్రి పడుకునే చోటు రాస్తే చాలు. బూత్ లెవెల్ ఆఫీసరు రాత్రిపూట అక్కడికి వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఒక్క రాత్రితో సరిపెట్టకుండా మరో రాత్రి కూడా వెళ్లాలి. ఆ మాట నిజమని తేలితే అడ్రసు ప్రూఫ్ అడగకూడదు. రూలు ఇంత బాగుంది. కానీ రూలు ఉందని ఫ్లైఓవర్ కింద ఉన్న మనిషికి చెప్పేదెవరు? రాత్రి పది దాటాక ఆఫీసరును వెంటబెట్టుకుని వెళ్లేదెవరు? అక్కడే సంస్థల అవసరం పడుతుంది.

"అన్ని సౌకర్యాలూ పెట్టినా వాళ్లే షెల్టర్‌కు రారండీ" అనే మాట తరచూ వినిపిస్తుంది. రాకపోవడానికి కారణాలు ఉంటాయి. తెల్లవారుజామునే లేబర్ అడ్డాలో నిలబడకపోతే కూలీ దొరకదు. షెల్టర్ అడ్డాకు దూరమైతే ఆ రోజు పని పోయినట్టే. రిక్షా, తోపుడు బండి ఉన్నవాళ్లు వాటిని బయట వదిలి లోపలికి రాలేరు. భార్యాభర్తలు వస్తే, మగవాళ్లది ఇక్కడ, ఆడవాళ్లది ఊరవతల అంటారు. పిల్లల్ని తీసుకుని ఆ తల్లి ఏ వైపు వెళ్లాలి? పనిచోటుకు దగ్గరగా, కుటుంబమంతా కలిసి ఉండేలా షెల్టర్ పెట్టినచోట జనం వస్తారు.

ఈ షెల్టర్లు దయతో వెలిసినవని అనుకోవద్దు. వీటి వెనక పోరాటం ఉంది. 2009 డిసెంబరులో, ఎముకలు కొరికే చలిలో, ఢిల్లీ పూసా రోడ్డులో గుడారం వేసి నడుపుతున్న ఒక తాత్కాలిక షెల్టర్‌ను అక్కడి మున్సిపల్ అధికారులు తొలగించారు. ఆ చలికి మరణాలు సంభవించాయన్న వార్తలు వచ్చాయి. నిరాశ్రయుల కోసం పనిచేసే సంస్థలు ఊరుకోలేదు. అప్పటికే పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంఘం 2001లో వేసిన ఆహార హక్కు కేసు సుప్రీంకోర్టులో నడుస్తోంది. ఆ కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్. 2010 జనవరిలో వాళ్లు కోర్టుకు లేఖ రాశారు. ఆహారం కేసులో షెల్టర్ ప్రస్తావన ఎందుకంటారా? అర్ధాకలితో ఉన్న ఒంటికి చలిని తట్టుకునే శక్తి ఉండదు. ఆకలి, చలి కలిసి మనిషిని తీసుకుపోతాయి. కోర్టు వెంటనే స్పందించింది. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు 100 మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని ఆదేశాలు వచ్చాయి. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మొదలైనప్పుడు ఈ నియమమే పథకంగా మారింది. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని కూడా అందులో రాశారు.

ఇప్పుడు మన లెక్క చూసుకుందాం. 2011 జనగణన నాటికి గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు. కోర్టు చెప్పిన కొలత ప్రకారం అప్పటికే 67 షెల్టర్లు ఉండాలి. అన్ని షెల్టర్లు ఈ నగరంలో ఏనాడూ లేవు. దేశం మొత్తం మీదా పరిస్థితి ఇంతే. అందుకే 2016లో సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి కైలాశ్ గంభీర్ నాయకత్వంలో ఒక కమిటీని వేసి, పథకం ఎంతవరకు అమలైందో చూసి రమ్మంది. నిధులు ఉన్నా షెల్టర్లు లేవన్న సంగతి బయటపడింది. కోర్టు తీర్పు రాగానే ఇంటికి వెళ్లి పడుకోలేని పని ఇది. ఏళ్ల తరబడి అడుగుతూనే ఉండాలి.

షెల్టర్ ఎంత బాగున్నా అది ఇల్లు కాదు కదా. ఇంటిదాకా వెళ్లిన కథ ఒకటి ముంబైలో ఉంది. నాకు బాగా ఇష్టమైన కథ. 1980ల మొదట్లో బైకుల్లా ప్రాంతంలో వేలాది కుటుంబాలు ఫుట్‌పాత్‌ల మీదే గుడిసెలు వేసుకుని బతికేవి. వాళ్లను ఖాళీ చేయించే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1985 తీర్పులో కోర్టు, బతుకుతెరువు హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనంది. అదే తీర్పులో, వానాకాలం దాటాక ఖాళీ చేయించవచ్చనీ అంది. స్పార్క్ అనే సంస్థ అప్పటికి ఏడాది కిందటే మొదలైంది. వాళ్లు చేసిన మొదటి పని లెక్క. ఫుట్‌పాత్ ఆడవాళ్లనే వెంటబెట్టుకుని గుడిసె గుడిసెకూ వెళ్లి లెక్కపెడితే దాదాపు 6,000 కుటుంబాలు తేలాయి. నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు కారు వాళ్లు, ఏళ్ల నుంచి అక్కడే ఉండి ఆ నగరంలో చాకిరీ చేస్తున్నవాళ్లు.

తర్వాత ఆ ఆడవాళ్లు మహిళా మిలన్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. రోజూ ఇంటింటికీ తిరిగి రూపాయి, రెండు రూపాయలు పొదుపు కట్టించుకునేవారు. ఇల్లు వస్తే ఎలా ఉండాలో కూడా వాళ్లే ఆలోచించారు. టేపు పట్టడం రానివాళ్లు చీరలతో గది పొడవు, వెడల్పు కొలిచారు. గుడ్డలతో, అట్టలతో నిజమైన ఇంటి సైజులో నమూనాలు నిలబెట్టి, లోపలికి వెళ్లి చూసుకున్నారు. పొయ్యి ఎక్కడ, పిల్లలు చదువుకునేది ఎక్కడ? స్థలం ఎలాగూ తక్కువ కాబట్టి ఎత్తు పెంచుదామన్నారు. 14 అడుగుల ఎత్తు పెడితే మధ్యలో అటక వేసుకోవచ్చు, రాత్రి పిల్లలు పైన పడుకుంటారు. ఇంజనీరు కాదనలేని లెక్క! మాన్‌ఖుర్ద్‌లో మిలన్ నగర్ కట్టి కొందరు అందులోకి వెళ్లడానికి ఏళ్లు పట్టింది. మహారాష్ట్ర ప్రభుత్వం ఫుట్‌పాత్ వాసులకూ పునరావాసం పొందే అర్హత ఉందని ఒప్పుకోవడం వెనక ఆ మొదటి లెక్క ఉంది, ఆ రూపాయల పొదుపు ఉంది.

ఇల్లు ఇస్తే సరిపోదు, తోడు కూడా కావాల్సినవాళ్లు కొందరుంటారు. మతి స్థిమితం తప్పి, ఇంటి దారి మరిచిపోయి రైలెక్కి ఎక్కడో దిగినవాళ్లు. జుట్టు జడలు కట్టి, బస్టాండు మూల ఏదో గొణుక్కుంటూ కూర్చునేవాళ్లను మనమంతా చూసే ఉంటాం, చూసీ తప్పుకుని వెళ్లే ఉంటాం. చెన్నైలో 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు ఇలాంటి ఆడవాళ్ల కోసం ది బనియన్ అనే సంస్థ పెట్టారు. వైద్యం చేయించి, కోలుకున్నాక ఊరు కనుక్కుని ఇంటికి పంపుతారు. కానీ కొందరికి ఇల్లే మిగలదు, ఉన్నా రానివ్వరు. మరి వాళ్లు జీవితాంతం ఆసుపత్రిలోనే ఉండాలా? హోమ్ ఎగైన్ అనే పద్ధతి ఇక్కడ పుట్టింది. మామూలు వీధిలో మామూలు ఇల్లు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి ఉంటారు. తోడుగా ఒక సహాయకురాలు ఉంటుంది. కూరగాయలు తెచ్చుకుంటారు, వండుకుంటారు, పక్కింటివాళ్లతో మాట కలుపుతారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఇల్లు లేదన్న ఒక్క కారణంతో మనిషిని ఆసుపత్రిలో ఉంచేయకూడదని చెబుతోంది. మహారాష్ట్రలోని కర్జత్‌లో డాక్టర్ భరత్ వత్వానీ నడిపే శ్రద్ధా పునరావాస కేంద్రం కూడా ఇలాంటివాళ్లను చేరదీసి, వైద్యం చేసి, దేశంలో ఏ మూల ఉన్న ఊరికైనా చేరుస్తుంది. ఈ సేవకు ఆయన 2018లో మెగసెసే అవార్డు అందుకున్నారు.

వీధిలో ఉన్నవాళ్లను నేరస్తుల్లా చూసే పద్ధతి మీద కూడా సంస్థలు పోరాడాలి. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినప్పుడు, నగరంలో భిక్షాటనను నిషేధించి, వీధుల్లో ఉన్నవాళ్లను జైలు ఆవరణల్లో ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు తరలించారు. అతిథుల కంటికి కనబడకుండా చేస్తే పేదరికం పోదు. మరుసటి ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అక్కడ భిక్షాటనను నేరంగా చూసే నిబంధనలను కొట్టివేసింది. హర్ష్ మందర్ లాంటివారు వేసిన పిటిషన్ల మీద వచ్చిన తీర్పు అది. అడుక్కోవడం తప్పా ఒప్పా అని వాదించుకునే ముందు, ఆ మనిషికి వేరే దారి ఏం మిగిల్చామన్నది చూడాలని నా అభిప్రాయం.

ఇక మనం చేయగలిగిన పనులు. మీ వీధిలో దిక్కులేని స్థితిలో వృద్ధులు కనిపిస్తే ఎల్డర్‌లైన్ నంబరు 14567కు ఫోన్ చేయండి. పిల్లలైతే 1098. మానసిక సమస్య అనిపిస్తే టెలీ మానస్ 14416లో సలహా దొరుకుతుంది. ప్రాణాపాయం అనిపిస్తే ఆలస్యం చేయకుండా 112. ఫోన్ చేసేటప్పుడు ఆ చోటికి కొండగుర్తు, మనిషి సుమారు వయసు, ఏ భాష మాట్లాడుతున్నారు, దెబ్బలేమైనా ఉన్నాయా అన్నది చెప్పండి. అంతకంటే ముందు ఆ మనిషినే అడగండి. "అమ్మా, ఏమైనా కావాలా?" అని కాస్త దూరంలో కూర్చుని అడిగితే మాట్లాడతారు. అడగకుండా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. వాళ్లకూ పరువు ఉంటుంది. ఆ ఫొటో ఊళ్లో పిల్లలు చూడొచ్చు.

డబ్బు ఇవ్వాలనుకునేవాళ్లు దగ్గర్లోని షెల్టర్‌కు వెళ్లి ఏం తక్కువైందో అడిగి ఇవ్వండి. దుప్పట్లు నిండుగా ఉండి, కరెంటు బిల్లు బాకీ పడి ఉండొచ్చు. వార్డెన్ జీతం ఆగిపోయి ఉండొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పట్టణ షెల్టర్ల పథకాన్ని మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ చూస్తుంది. మీ ఊరి మున్సిపల్ ఆఫీసుకు ఏదైనా పని మీద వెళ్లినప్పుడు మెప్మా విభాగంలో ఒక్కసారి అడగండి: మన ఊళ్లో నిరాశ్రయుల షెల్టర్ ఎక్కడుంది, ఆడవాళ్లకు విడిగా ఉందా, కుటుంబాలను తీసుకుంటారా, రాత్రి ఎవరినైనా తీసుకొస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ ఫోన్ నంబరు రాసి మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు, మీ వీధి ఆటో స్టాండు వాళ్లకు ఇవ్వండి. రాత్రి వేళ రోడ్డు మీద ఎవరున్నారో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే.

నమస్కారం.