ఏడాదికో టీమ్ మారే యూనియన్‌లో ఐదేళ్ల ప్లాన్ ఎవరిది?

హోస్ట్: అక్కా, సూటిగా అడిగేస్తా. మా స్టూడెంట్ యూనియన్‌లో ఏటా ప్రెసిడెంట్ కొత్త, సెక్రటరీ కొత్త, ట్రెజరర్ కొత్త. ఇట్లాంటి చోట ఐదేళ్ల ప్లాన్ అంటే ఎవరూ నమ్మట్లేదు. అసలు కుదురుతుందా?

అక్క: కుదురుతుంది రా. కాకపోతే ప్లాన్ ఏ పనులకి కావాలో ముందు తేల్చుకోవాలి. ఫెస్ట్‌కి ఐదేళ్ల ప్లాన్ అక్కర్లేదు. అదే వీల్‌చైర్‌లో వచ్చే స్టూడెంట్ కోసం పాత బిల్డింగ్‌లో లిఫ్ట్ పెట్టించాలనుకో, అడగడానికీ ఎస్టిమేట్ వేయించడానికే ఒక ఏడాది పోతుంది, బడ్జెట్‌లో పెట్టించడానికి ఇంకో ఏడాది, ఆ తర్వాత కదా పని మొదలయ్యేది. ఈలోపు అడిగినవాళ్లు చదువైపోయి వెళ్లిపోతారు, కొత్తవాళ్లొచ్చి మళ్లీ మొదటి లెటర్ నుంచి రాస్తారు.

హోస్ట్: ఆ సంగతి అడ్మినిస్ట్రేషన్‌కి కూడా తెలుసు కదా.

అక్క: తెలుసు. "పరిశీలిస్తాం, వచ్చే టర్మ్‌లో మాట్లాడదాం" అంటే చాలు, అప్పటికి అడిగినోళ్లు ఉండరు. అందరూ కావాలనే చేస్తారని నేననను. కానీ టేబుల్‌కి అటువైపు కూర్చున్నవాళ్లకి ఏళ్ల తరబడి జరిగిందంతా గుర్తుంటుంది, ఇటువైపు వాళ్లకి పోయినేడాది ఏ మాట ఇచ్చారో కూడా తెలీదు. మనం ఓడిపోయేది అక్కడే. ఆ లిఫ్ట్ కోసం ఎదురుచూసే పిల్ల మాత్రం రోజూ ఎవరో ఒకర్ని సాయం అడుగుతూనే ఉంటుంది, నాకు బాధేసేది అది.

హోస్ట్: మరి ప్లాన్ రాసిపెట్టి పోతే సరిపోదా?

అక్క: సరిపోదు. కొత్త టీమ్‌కి తమ మేనిఫెస్టో ఉంటుంది, ఓట్లు అడిగింది దాని మీద, గెలిచింది దాని మీద. గెలిచాక తీసుకెళ్లి పాత ప్రెసిడెంట్ ప్లాన్ చేతిలో పెడితే వాళ్లెందుకు మోస్తారు? వాళ్లని తప్పుపట్టను నేను. మనం చేసే వరస తప్పు. ప్లాన్ నామినేషన్లకి ముందే జనరల్ బాడీకి, అంటే స్టూడెంట్స్ అందరి మీటింగ్‌కి రావాలి. ఈ ఏడాది ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, తర్వాత చెయ్యాల్సిందేంటి అని అందరి ముందు చదివి ఓటింగ్ పెట్టించుకోవాలి. అప్పుడది ఫలానా ప్రెసిడెంట్ ప్లాన్ కాదు, స్టూడెంట్స్‌ది. పోటీ చేసేవాళ్లు అది చూసి మేనిఫెస్టో రాసుకుంటారు, డిబేట్‌లో "లిఫ్ట్ విషయం ఎట్లా ముందుకి తీసుకెళ్తావ్?" అని అడిగేవాళ్లుంటారు.

హోస్ట్: ఇది బాగుంది. ఇంతకీ ఉన్నవాళ్లే ఇంకో ఏడాది ఉంటే పోయేది కదా?

అక్క: చాలా చోట్ల రూల్సే ఒప్పుకోవు, ఒప్పుకోకపోవడమే మంచిది కూడా. బ్రిటన్‌లో 1994 ఎడ్యుకేషన్ యాక్ట్ ప్రకారం జీతం తీసుకునే ఎన్నికైన పోస్టులో ఒక మనిషి మొత్తం మీద 2 ఏళ్లకి మించి ఉండకూడదు. మన దగ్గర స్టూడెంట్ యూనియన్ ఎలక్షన్ల మీద వేసిన లింగ్డో కమిటీ సిఫార్సుల్లో అయితే, 2006లో సుప్రీంకోర్టు అమలు చెయ్యమంది చూడు, అందులో ఆఫీస్ బేరర్‌గా, అంటే ప్రెసిడెంట్, సెక్రటరీ లాంటి పోస్టుకి, ఒక్కసారే పోటీ చెయ్యొచ్చు, ఎగ్జిక్యూటివ్ మెంబర్‌గా మాత్రం రెండుసార్లు. అందరూ ఇందులో అడ్డంకినే చూస్తారు, నాకు దారి కనిపిస్తుంది. ముందు మెంబర్‌గా చేసి తర్వాత ఆఫీస్ బేరర్‌గా నిలబడొచ్చు కదా. అంటే రెండేళ్ల పైన పట్టే ప్రతి పని దగ్గర జూనియర్ మెంబర్ ఒకరు ఉండాలి, మీటింగులకి వెళ్లాలి, మాట్లాడాలి. వాళ్లు ఎలక్షన్‌లో ఓడిపోయినా సరే, ఆ పని గురించి తెలిసిన మనిషి క్యాంపస్‌లో ఉన్నట్టే.

హోస్ట్: పాత టీమ్ కొత్త టీమ్‌కి ఇచ్చే హ్యాండోవర్ ఫైల్ సంగతి?

అక్క: అందులో ఏం జరిగిందన్నదే రాస్తారు, ఎందుకలా చేశామో రాయరు. ఒక ఆప్షన్ ఎందుకు వదిలేశారో, ఏ ఆఫీసర్ ఏ తేదీన ఏమని ఒప్పుకున్నారో, దానికి మెయిల్ ఉందా లేదా, కావాల్సినవి ఇవి. మెయిల్ ఐడీ యూనియన్ పేరు మీద ఉండాలి, బ్యాంక్ సంతకాలు దిగిపోయే ముందే మార్పించాలి, సరే ఇవి తెలిసినవే.

హోస్ట్: పర్మనెంట్ స్టాఫ్‌ని పెట్టుకుంటే ఇవన్నీ వాళ్లే చూస్తారు కదా అక్కా?

అక్క: డబ్బుంటే మంచిదే. ఫిన్లాండ్‌లో హెల్సింకీ యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్ ఉంది కదా, 1868లో పుట్టింది, 1870కల్లా సొంత బిల్డింగ్ కట్టుకుంది. మనుషులు ఎంతమంది మారినా ఆస్తి ఉంది, దాన్ని చూసుకునే వ్యవస్థ ఉంది, అందుకే పెద్ద పెద్ద పనులు పెట్టుకోగలరు. అయితే ఒక భయం కూడా ఉంది. అన్నీ తెలిసింది స్టాఫ్‌కే అయితే ఎన్నికైనవాళ్లు సంతకాలకే మిగిలిపోతారు. గుర్తుపెట్టుకోవడం స్టాఫ్ పని, ఏది ముందు ఏది వెనక అన్నది మాత్రం ఓట్లు తెచ్చుకున్నవాళ్లే తేల్చాలి, ఇందులో నేను రాజీపడను.

హోస్ట్: మరి కొత్త టీమ్‌కి ప్లాన్‌లో ఒకటి అస్సలు నచ్చలేదనుకో?

అక్క: తీసెయ్యొచ్చు, ఆ హక్కు ఉండాలి. కానీ ఊరికే వదిలేసి ఊరుకోకూడదు, జనరల్ బాడీకొచ్చి కారణం చెప్పి తీసెయ్యాలి, మినిట్స్‌లో రాయించాలి. రెండేళ్ల తర్వాత ఎవరైనా మళ్లీ ఎత్తుకుంటే ఎందుకు ఆగిందో వాళ్లకి దొరకాలి. ఇంతకీ మీ నామినేషన్లు ఎప్పుడు?

హోస్ట్: వచ్చే నెల.

అక్క: అయితే జనరల్ బాడీ నోటీస్ ఈ వారమే పెట్టేయండి. అంతా ఒకేసారి వద్దు, సగంలో ఆగిన పనులు రెండో మూడో తీసుకోండి, ఒక్కోదానికి ఒక పేజీ చాలు.