ఫోన్-ఇన్: ఆడియో పుస్తకంలో గొంతు ఎవరిది?

వ్యాఖ్యాత: నమస్కారం. చదువరుల బృందాల్లో ఇప్పుడు కళ్లతో చదివేవారి పక్కన చెవులతో చదివేవారూ కూర్చుంటున్నారు. సైన్స్ ఫిక్షన్ ఆడియో పుస్తకాన్ని పదిమందితో ఎలా పంచుకోవాలన్నది ఈ రోజు అంశం. చాలాకాలంగా చదువరుల బృందాన్ని నడుపుతూ, నవలలు చదివి రికార్డు కూడా చేస్తున్న సలహాదారు మనతో ఉన్నారు. మొదటి ఫోను అందుకుందాం. హలో, చెప్పండి.

మొదటి శ్రోత: నమస్కారమండీ. మా బృందంలో నలభై మందిమి ఉన్నాం. నేనొక సైన్స్ ఫిక్షన్ నవల ఆడియో కొన్నాను, పదకొండు గంటలు. విన్నప్పటి నుంచి అందరికీ వినిపించాలని మనసు ఆగడం లేదు. ఫైలు గ్రూపులో పెట్టమని వాళ్లూ అడుగుతున్నారు. డబ్బు పెట్టి కొన్నదే కదా, పెట్టవచ్చా?

సలహాదారు: మంచి కథ విన్నాక ఆ ఆరాటం నాకూ తెలుసమ్మా. కానీ పెట్టకండి. మీరు కొన్నది వినే అనుమతి. నకళ్లు తీసి పంచే హక్కు దానితో రాదు. అచ్చు పుస్తకం స్నేహితురాలికి ఇస్తే ఆమె తిరిగి ఇచ్చేదాకా మీ దగ్గర ఉండదు. ఫైలు అలా కాదు. మీది మీ దగ్గరే ఉంటుంది, మరో నలభై కొత్తగా పుడతాయి.

మొదటి శ్రోత: ఆ రచయిత చాలా పేరున్నవారు. మా నలభై మంది వల్ల ఆయనకు ఏం తగ్గుతుందని కొందరు అంటున్నారు.

సలహాదారు: అందులో ఉన్నది రచయిత ఒక్కరే కాదు. వేరే భాష నుంచి వచ్చిన నవలైతే అనువాదకులు ఉంటారు. ఆ తరువాత చదివినవారు. వీరినే అందరూ మరిచిపోతారు. నేను చదువుతాను కాబట్టి చెబుతున్నాను, ఒక గంట శుభ్రమైన ఆడియో రావాలంటే మైకు ముందు రెండు మూడు గంటలు కూర్చోవాలి. గుటక వేసిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఒక పాత్ర గొంతు నాలుగో అధ్యాయంలో ఒకలా, తొమ్మిదో అధ్యాయంలో మరోలా రావడం, ఇవన్నీ వెతికి సరిచేయడం వేరే పని. చదివినవారి హక్కు రాసినవారి హక్కుకు తోక కాదు. ప్రదర్శకులకూ, రికార్డింగు నిర్మాతలకూ విడిగా రక్షణ ఇవ్వాలని 1961లోనే రోమ్‌లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది.

మొదటి శ్రోత: మరి మావాళ్లకు ఎలా వినిపించను?

సలహాదారు: అమ్మేచోట చాలావరకు మొదటి కొన్ని నిమిషాలు ఉచితంగా వినిపిస్తారు. ఆ లింకు పంపండి. ఆడియో పుస్తకాలు అరువిచ్చే గ్రంథాలయం అందుబాటులో ఉంటే ఎవరి ఖాతాలో వారు తీసుకుంటారు. ఇంకొకటి, ప్రచురణకర్తకు ఉత్తరం రాయండి. ‘మేం నలభై మంది చదువరులం, మొదటి అధ్యాయాన్ని ఒక్కసారి సమావేశంలో వినిపించుకోవడానికి అనుమతిస్తారా’ అని నాలుగు వాక్యాలు చాలు. నేను రాసినప్పుడు కొందరు ఒప్పుకున్నారు, కొందరు బదులివ్వలేదు. బదులు రాకపోతే అనుమతి లేదనే అర్థం.

వ్యాఖ్యాత: తరువాతి ఫోను. చెప్పండి సార్.

రెండో శ్రోత: ఇందాక చెప్పింది విన్నాను. మా దగ్గర ఆ చిక్కు లేదనుకుంటున్నాను. మేం పాత నవలలే వింటాం. జూల్స్ వెర్న్, హెచ్.జి. వెల్స్. వాటికి కాపీరైటు తీరిపోయింది కదా?

సలహాదారు: మూల రచనకు చాలా దేశాల్లో తీరిపోయింది. వెర్న్ 1905లో, వెల్స్ 1946లో కన్నుమూశారు. రచయిత మరణం తరువాత కనీసం యాభై ఏళ్లు రక్షణ ఉండాలన్నది కాపీరైటు మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం. చాలా దేశాలు దాన్ని డెబ్బై ఏళ్లకు పెంచుకున్నాయి. ఆ లెక్కన కూడా వెల్స్ గడువు 2016 చివరికి ముగిసింది. అయితే మీరు వింటున్నది మూలమా, అనువాదమా?

రెండో శ్రోత: అనువాదమే. ఈ మధ్య వచ్చింది. ఎవరు చేశారో చూడలేదు.

సలహాదారు: అయితే అది పాతది కాదు సార్. వెర్న్ వెళ్లిపోయి వందేళ్లు దాటినా, నిరుడు అనువదించినవారి హక్కు నిరుడే మొదలైంది. దాన్ని చదివిన గొంతుకూ అంతే. కథ పాతదైనా అందులో మాటలు కొత్తవి, గొంతు కొత్తది. మూడింటినీ విడివిడిగా చూసుకోండి. నిశ్చింతగా పంచుకోగలిగినవి కావాలంటే లిబ్రివాక్స్ అనే వెబ్‌సైటు ఉంది. 2005 నుంచి స్వచ్ఛందంగా చదివేవారు హక్కులు తీరిన పుస్తకాలను రికార్డు చేసి, తమ గొంతు మీద హక్కును కూడా వదులుకుని అందులో పెడుతున్నారు. ఇంగ్లీషువి ఎక్కువ, ఇతర భాషలవీ ఉన్నాయి. మీ దేశంలో మూల రచనకు గడువు తీరిందో లేదో ఒక్కసారి చూసుకుంటే చాలు, మీ బృందంలో అందరికీ ఫైలే పంపవచ్చు.

వ్యాఖ్యాత: మరొకరు లైనులో ఉన్నారు. హలో.

మూడో శ్రోత: నమస్కారమండీ. నాకు చూపు లేదు. మా బృందంలో అందరూ అచ్చు పుస్తకం చదువుతారు, నేను ఆడియో వింటాను. చర్చ మొదలయ్యేసరికి ‘నూట పన్నెండో పేజీ చూడండి’ అంటారు. నాకు పేజీ ఎక్కడుంటుంది? ఇంకొకటి, సైన్స్ ఫిక్షన్‌లో గ్రహాల పేర్లు, నౌకల పేర్లు అన్నీ కల్పించినవే. నేను విన్న పేరు, వాళ్లు చదివిన పేరు ఒకటేనని తెలుసుకోవడానికి పోయినసారి అరగంట పట్టింది. నేను చెప్పేది వేరే పాత్ర గురించి అనుకున్నారు.

సలహాదారు: మీరు ఫోను చేయడం చాలా మంచిదైంది. ఆడియో పుస్తకం మొదట తయారైందే చూపు లేనివారి కోసం. 1935లో బ్రిటన్‌లో, యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికులను తలచుకుని, గ్రామఫోను రికార్డుల మీద నవలలు చదివించారు. ఒక్క నవలకు దాదాపు పది రికార్డులు పట్టేవి. అలాంటిది ఈ రోజు మీరే చర్చకు బయట నిలబడాల్సి రావడం నాకు బాధగా ఉంది.

మీ బృందానికి నా మాటగా చెప్పండి. పేజీ అనకుండా అధ్యాయం అనాలి. ‘పద్నాలుగో అధ్యాయం, నౌక తలుపు తెరుచుకోని చోటు’ అంటే కాగితం పట్టుకున్నవారికీ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. వినేవారు ఇంకొందరుంటే నిమిషం కూడా చెప్పాలి. ఇక పేర్లకు ఒక పట్టిక తయారుచేయాలి. పేరు, ఎవరు, మొదట వచ్చే అధ్యాయం, అంతే. దాన్ని ఫొటో తీసి పంపకూడదు. టైపు చేసి పంపితే మీ ఫోను చదివి వినిపిస్తుంది. ఆడియోలో పలికిన తీరును అదే పట్టికలో రాయించే పని మీరు తీసుకోండి. ఆ పని మీ అంత బాగా వాళ్లెవరూ చేయలేరు.

మూడో శ్రోత: నాకు దొరకని పుస్తకాలను మావాళ్లు చదివి రికార్డు చేసి ఇస్తామంటున్నారు. తప్పా?

సలహాదారు: దానికి 2013 నాటి మర్రకేష్ ఒప్పందం ఉంది. అందులో చేరిన దేశాల్లో, అచ్చు చదవలేనివారి కోసం అనువైన ప్రతిని రచయిత అనుమతి లేకుండానే తయారుచేయవచ్చు. వివరాలు మీ దేశపు చట్టంలో ఉంటాయి. అంధుల కోసం పనిచేసే గ్రంథాలయాన్ని అడిగితే చెబుతారు, అసలు ఆ పుస్తకం వాళ్ల దగ్గరే ఉండవచ్చు కూడా. కానీ మీ కోసం చేసిన ఆ ప్రతి బృందంలో మిగతావారికి వెళ్లకూడదు. వాళ్లకు అచ్చు పుస్తకం ఉంది కదా.

వ్యాఖ్యాత: ఇంకో ఫోను. త్వరగా అడగండి, సమయం తక్కువ ఉంది.

నాలుగో శ్రోత: మా దగ్గర అందరికీ ఆడియో ఉంది. కానీ ఒకరు ఒకటిన్నర రెట్ల వేగంతో విని నాలుగు రోజుల్లో ముగించి, ముగింపు చెప్పేస్తున్నారు.

సలహాదారు: ఆ వేగంతో పదకొండు గంటల నవల ఏడు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. వినడం వారి ఇష్టం. చర్చకు మాత్రం ఒక మైలురాయి పెట్టండి, ఈ వారం ఆరో అధ్యాయం దాకా అని. ముందుకు వెళ్లినవారికి వేరే గది. మొదటి రెండు అధ్యాయాలకు ఒక వారం పూర్తిగా ఇవ్వండి. కొత్త లోకం, కొత్త పేర్లు కాబట్టి వెనక్కి వెళ్లి మళ్లీ వినాల్సి వస్తుంది.

వ్యాఖ్యాత: చివరి ఫోను తీసుకుందాం. చెప్పమ్మా.

అయిదో శ్రోత: నేనొక సైన్స్ ఫిక్షన్ నవల రాశాను మేడమ్. నేనే చదివి, చదువరుల బృందాలకు ఉచితంగా ఇద్దామని ఉంది. ఎలా ఇవ్వాలో తెలియడం లేదు.

సలహాదారు: అచ్చయిందా?

అయిదో శ్రోత: అయింది.

సలహాదారు: అయితే ముందు ఒప్పంద పత్రం తీసి చూడమ్మా. ఆడియో హక్కులు ప్రచురణకర్తకు ఇచ్చేసి ఉంటే వారిని అడగాలి. నీ దగ్గరే ఉంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉన్నాయి, 2002 నుంచి. పేరు చెప్పి ఎవరైనా పంచుకోవచ్చు, అమ్ముకోకూడదు, మార్చకూడదు అని నువ్వే ఎంచుకోవచ్చు. అయితే ఒకసారి ఇచ్చాక, అందుకున్నవారి దగ్గర నుంచి ఆ అనుమతిని వెనక్కి తీసుకోలేవు. ఒక రాత్రి ఆలోచించి ఇవ్వు. వెనుక సంగీతం పెట్టకు. పెడితే దాని హక్కు మళ్లీ ఇంకొకరిది.

అయిదో శ్రోత: తొమ్మిది గంటలు వస్తుందేమో. పంపడానికి మరీ పెద్దదవుతుందా?

సలహాదారు: గొంతు ఒక్కటే కదా, మోనోలో, అంటే ఒకే చానెల్‌లో, సెకనుకు 64 కిలోబిట్ల ఎంపీ3 చాలు. గంటకు 29 ఎంబీ లోపే, మొత్తం 260 దాకా. అధ్యాయానికో ఫైలు చేయి. పేర్లు 01, 02 అని రెండంకెలతో మొదలుపెట్టు. ఉత్త 1, 2 అని పెడితే కొన్ని ఫోన్లలో ఒకటి తరువాత పదో అధ్యాయం వస్తుంది, వినేవారు కథ మధ్యలో పడతారు. లైసెన్సును ఎక్కడో రాసి వదిలేయకు. మొదటి ఫైలులోనే నీ గొంతుతో చెప్పు. ఫైలు ఎన్ని చేతులు మారినా ఆ మాట దానితోపాటే వెళ్తుంది. ఏమని చెబుతావో, ఏదీ, ఒకసారి చెప్పు.

అయిదో శ్రోత: ఇప్పుడేనా... ‘ఈ నవల రాసిందీ, చదివిందీ నేనే. మీకు నచ్చితే నా పేరుతో ఎవరికైనా పంపండి. అమ్మకండి, మార్చకండి. మొదటి అధ్యాయం.’

సలహాదారు: ‘మొదటి అధ్యాయం’ ముందు రెండు క్షణాలు ఆగు. మిగతాది అలాగే ఉంచు.