ముఖం మీది నల్ల బొడిపెలు: ఏ చికిత్స మన చర్మానికి సరిపడుతుంది?

నమస్కారం. నలభై దాటిన మన ఇళ్ళలోని ఆడవాళ్ళ ముఖాలను కాస్త దగ్గరగా చూస్తే, చెంపల మీద, కళ్ళ చుట్టూ ఆవగింజంత నల్లని బొడిపెలు చాలామందికి కనిపిస్తాయి. వాటిని మనం పులిపిర్లనే అంటాం గాని, వైరస్ వల్ల పుట్టి ఒకరి నుంచి ఒకరికి అంటుకునే పులిపిర్లు వేరు, ఇవి వేరు. 1925లో కాస్టెల్లానీ అనే వైద్యుడు వర్ణించిన వీటిని డెర్మటోసిస్ పాపులోసా నైగ్రా అంటారు. చర్మవైద్యుల వాడుకలో డీపీఎన్. చామనఛాయ, నల్లని చర్మం గలవారిలో ఎక్కువగా, తరచు వంశపారంపర్యంగా వచ్చే ఇవి అంటుకోవు, క్యాన్సర్‌గా మారవు. అంటే తీయించుకోకపోయినా నష్టమేమీ లేదు. తీయించుకోదలిస్తే మాత్రం, బొడిపె పోతుందా అని కాక, పోయిన చోట ఏ మచ్చ మిగులుతుందని అడగాలి. ఈ రివ్యూలో నేను ప్రతి పద్ధతినీ ఆ ప్రశ్నతోనే తూచాను.

మన క్లినిక్కులలో సాధారణంగా చేసేది ఎలక్ట్రోకాటరీ, లేదా రేడియోఫ్రీక్వెన్సీ. రెండూ విద్యుత్తుతో పుట్టే వేడితో బొడిపెను కాల్చేవే. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మత్తు క్రీమును దాదాపు గంటసేపు ఉంచి, ఆ తరువాత సన్నని మొనను ఒక్కొక్క బొడిపెకు తాకిస్తారు. కాలిన వాసన వస్తుంది. ఆ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. కట్టిన పక్కు వారం పది రోజుల్లో దానంతటదే రాలిపోతుంది, గోటితో గిల్లకూడదు. తక్కువ శక్తితో పైపైన కాలిస్తే చర్మం చక్కగా మానుతుంది, లోతుగా కాలిస్తే గుంట పడుతుంది, కనుక ఇక్కడ యంత్రం కన్నా చెయ్యి ముఖ్యం. ఎండ తగిలితే ఆ చోటు నల్లబడి నెలల తరబడి ఉండవచ్చు, సన్‌స్క్రీన్ తప్పదు. మొదటిసారి చెవి దగ్గర ఒకటి రెండు మాత్రమే తీయించుకుని, నెలన్నర ఆగి, ఆ చోటు ఎలా మానిందో చూసి మిగిలినవాటికి వెళ్ళడం మేలు.

మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే క్రయోథెరపీకి నేను అన్నిటికన్నా తక్కువ మార్కులు వేస్తాను. చర్మానికి రంగునిచ్చే కణాలు చలికి తొందరగా దెబ్బతింటాయి కాబట్టి, నల్ల చుక్క పోయిన చోట తెల్ల మచ్చ మిగలవచ్చు. లేజరు పనిచేస్తుంది, కాని కాటరీ కన్నా ఖర్చు ఎక్కువ, అదనంగా చెల్లించినంత తేడా నాకు కనిపించలేదు. మెడ మీద కాడతో వేలాడేవాటిని వైద్యులు చిన్న కత్తెరతో కత్తిరిస్తారు, నిమిషం పని. ఇక సున్నం, చాకలి సోడా కలిపి పెట్టే ఇంటి వైద్యం: మా పెద్దమ్మ మెడ మీద మిరియపు గింజంత బొడిపె పోయింది, రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ మిగిలింది.

ఒక జాగ్రత్త ఉంది. రంగు మారుతున్నా, రక్తం కారుతున్నా, త్వరగా పెరుగుతున్నా, ఉన్నట్టుండి పుట్టలుపుట్టలుగా వచ్చినా కాటరీకి తొందరపడకూడదు. కాల్చేస్తే బయాప్సీకి, అంటే ముక్క తీసి ల్యాబులో చేసే పరీక్షకు, పంపడానికి కండ మిగలదు. అందుకే చర్మాన్ని పెద్దదిగా చూపించే డెర్మటోస్కోపుతో చూడకుండా నేరుగా యంత్రం ఆన్ చేసే చోట నేనైతే కుర్చీలో కూర్చోను.

తీసినవి పోయినా పక్కన కొత్తవి పుడుతూనే ఉంటాయి. నేను గొలుసు తగిలి ఇబ్బంది పెట్టిన మెడ మీదివాటిని తీయించుకున్నాను, చెంప మీది మూడూ అలాగే ఉన్నాయి.