మద్రాసు దీపం మారిన చోట్లు

శ్రోతలకు నమస్కారం. చెన్నైలో మెరీనా బీచ్ చూడనివాళ్ళు తక్కువ. ఆ బీచ్ దక్షిణపు కొసన ఎరుపు, తెలుపు పట్టీలతో నిలబడ్డ లైట్‌హౌస్ పైకెక్కినవాళ్ళు మాత్రం అంతమంది ఉండరు. భద్రత పేరుతో చాలా ఏళ్ళు మూసేసి, 2013లో మళ్ళీ తెరిచారు. లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్ళని కూడా తీసుకెళ్ళొచ్చు.

1977లో వెలిగిన ఈ దీపం మద్రాసుకు నాలుగోది. మొదటిది 1796లో సెయింట్ జార్జి కోటలో ఒక భవనం మీద కొబ్బరినూనెతో వెలిగింది. ఇప్పటి కోట మ్యూజియం ఆ భవనమే. 1844లో కోటకు ఉత్తరంగా గ్రానైటు స్తంభం కట్టి, దీపాన్ని అక్కడికి మార్చారు. 1894లో అది పక్కనే లేచిన హైకోర్టు గోపురం మీదికి చేరింది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టేదాకా కోస్తా, రాయలసీమల నుంచి అప్పీళ్ళకని వెళ్ళిన మనవాళ్ళంతా ఆ దీపం కింద తిరిగినవాళ్ళే. పాత రాతిస్తంభం ఇంకా కోర్టు ఆవరణలోనే ఉంది. ఎంత అందమైన కట్టడమో! అందరూ సులువుగా వెళ్ళి చూసే వీలుంటే ఎంత బాగుండేది.

ఒకప్పుడు అలలు కోట దగ్గరిదాకా వచ్చేవి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బరు గోడలు కట్టాక, దక్షిణం నుంచి కెరటాలు మోసుకొచ్చే ఇసుక వాటి దగ్గర ఆగి మేట వేసింది. మెరీనా అంత వెడల్పయింది అందుకే. ఉత్తరాన రాయపురం వైపేమో ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది.

లైట్‌హౌస్ పైనుంచి ఈ కథంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. ఉత్తరాన ఇసుక మైదానం, దాని చివర హార్బరు క్రేన్లు. దక్షిణాన శాంథోమ్ చర్చి తెల్లటి శిఖరం. కిందికి వంగి చూస్తే నొచ్చికుప్పం అనే జాలర్ల పల్లె. ఒడ్డుకు లాగిన ఫైబర్ పడవలు, వాటి పక్కన కుప్పలుగా నీలం, ఆకుపచ్చ వలలు, చిక్కులు విప్పుతూ నలుగురైదుగురు జాలర్లు. పూనమల్లి దాకా తలపెట్టిన కొత్త మెట్రో లైను కూడా ఇక్కణ్ణుంచే మొదలు. నగరం ఈ ఒడ్డును ముస్తాబు చెయ్యాలనుకున్నప్పుడల్లా ముందు టెన్షన్ పడేది ఈ కుప్పంవాళ్ళే. చేపలు అమ్ముకునే చోటు, వలలు ఆరేసుకునే ఇసుక వాళ్ళకు దక్కాలని గట్టిగా కోరుకుంటాను. మీరు పైకెక్కినప్పుడు హార్బరు వైపే కాదు, ఈ వైపూ కాసేపు నిలబడి చూడండి.