కాకి, తాటికాయ, హాల్ టికెట్

అందరికీ నమస్కారం అండి. ఆదివారం పొద్దున్నే, అదీ పిల్లలకి ప్రిపరేటరీ పరీక్షలు నడుస్తున్న టైంలో, ఇంతమంది క్లబ్‌హౌస్‌కి వచ్చారంటే అది నా మీద ప్రేమ కాదు, తర్వాత పెట్టబోయే పొంగనాల మీద అని నాకు తెలుసు, పర్లేదు. అసోసియేషన్ వాళ్ళు పరీక్షల ఒత్తిడి గురించి చెప్పమన్నారు. అది ఏటా ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు, బాగా నిద్రపోండి, నీళ్ళు తాగండి, ఫోన్ పక్కన పడెయ్యండి, అంతే కదా. నేను వేరేది చెప్తా.

పోయిన వారం లిఫ్ట్‌లో ఇద్దరు తల్లులు మాట్లాడుకుంటుంటే విన్నా. మన తెలుగువాళ్ళే. ఒకావిడ అంటోంది, మావాడికి ఈ ఏడు అష్టమ శని అంట అండీ, నీట్ డౌటే అన్నారు, పరిహారానికి 21 వేలు అవుతుందంట అని. పక్కనే ఆ పిల్లాడు బ్యాగు తగిలించుకుని నిలబడ్డాడు, లిఫ్ట్ నంబర్లు చూస్తున్నాడు, 7, 6, 5... వాడి మొహం చూస్తే వాడికి రిజల్ట్ అప్పుడే వచ్చేసినట్టుంది. ఈ టాపిక్ అక్కడే మొదలైంది.

ముందే చెప్తున్నా, నేను నాస్తికుణ్ణి కాదు. మన బెంగళూరు రాగిగుడ్డ ఆంజనేయస్వామి మెట్లు నేనూ ఎక్కుతా, దొడ్డ గణపతికి వెన్న అలంకారం చేస్తే నేనూ క్యూలో నిలబడతా. కాకపోతే ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళు దాటింది పీయూసీ, అంటే మన ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పబట్టి, కాబట్టి ప్రతిదీ లెక్కలోకి లాగే రోగం ఒకటి ఉంది, దాన్ని కాస్త భరించండి.

కర్ణాటక ఎంట్రన్స్ పరీక్ష సీఈటీలో లెక్కల పేపర్ 60 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, నెగెటివ్ లేదు. ఏమీ చదవకుండా వెళ్ళి కళ్ళు మూసుకుని బబుల్స్ నింపుకుంటూ పోయినా సగటున 15 వస్తాయి. కానీ సగటు 15 అంటే అందరికీ 15 అని కాదు కదా, వందమంది అలా నింపితే ఇద్దరు ముగ్గురికి 22 కూడా వస్తాయి, ఇంకో ఇద్దరు 8 దగ్గర ఆగిపోతారు. ఇప్పుడు ఆ 22 వచ్చినవాడు ఏం చేస్తాడు, ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నాడో, ఏ కాలు ముందు బయట పెట్టాడో, వాళ్ళమ్మ ఏం వండిందో అన్నీ గుర్తు తెచ్చుకుని ఇంక జన్మలో ఆ చొక్కా వదలడు. 8 వచ్చినవాడు కూడా ఏదో ఒక చొక్కా వేసుకునే వెళ్ళాడు, దాని గురించి ఎవ్వరూ అడగరు.

మనవాళ్ళు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే టైంకి తాటికాయ రాలింది, కాకి వల్లే రాలింది అనుకుంటాం. అమెరికాలో స్కిన్నర్ అని సైకాలజిస్టు, 1948లో దాదాపు ఇదే పావురాలతో చేసి చూపించాడు. ఆకలితో ఉన్న ఎనిమిది పావురాల్ని విడివిడిగా పెట్టెల్లో పెట్టి, అవి ఏం చేసినా చెయ్యకపోయినా మిషన్‌తో కచ్చితంగా ఒక టైం ప్రకారం గింజలు పడేలా పెట్టాడు. కొన్నాళ్ళకి ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలెట్టింది, ఇంకోటి తల ఒక మూలకి విసరడం, ఇంకోటి ఊగడం, ఎనిమిదిలో ఆరు ఇలా తయారయ్యాయి, ఎందుకంటే గింజ పడినప్పుడు అవి యాదృచ్ఛికంగా ఆ పనిలో ఉన్నాయి. నాకు ఆ ప్రయోగం చదివినప్పుడు మా స్టూడెంటే గుర్తొచ్చాడు, ఎగ్జామ్ హాల్ గుమ్మం దగ్గర మూడు సార్లు చుట్టూ తిరిగి లోపలికొచ్చేవాడు.

సరే, ఏ పరీక్షకి దండాలు ఎక్కువో చూశారా ఎప్పుడైనా. మలినోవ్‌స్కీ అని ఒక మానవ శాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో న్యూగినియా దగ్గరున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి అక్కడి జాలర్లని గమనించాడు. ఒడ్డుకి దగ్గర్లో, ప్రశాంతంగా ఉండే ఉప్పునీటి మడుగులో చేపలు పట్టేటప్పుడు వాళ్ళకి మంత్రాలు లేవు, ఎలాగూ చేపలు దొరుకుతాయి. నడిసముద్రంలోకి వెళ్ళేటప్పుడు మాత్రం పెద్ద తంతు. మన దగ్గరా అంతే, ఇంగ్లీష్ పేపర్‌కి ఎవడూ కొబ్బరికాయ కొట్టడు, ఫిజిక్స్‌కి, లెక్కలకి కొడతారు. బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలు కన్నడ పరీక్షకి కూడా కొడతారు, అది వేరే సంగతి.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కూడా కాదండోయ్. జపాన్‌లో పరీక్షలప్పుడు పిల్లలకి కిట్‌క్యాట్ ఇస్తారు, ఆ పేరు వాళ్ళ భాషలో "కిట్టో కట్సు", అంటే తప్పకుండా గెలుస్తావ్ అన్న మాటలాగా వినిపిస్తుంది కాబట్టి. కొరియాలో పరీక్ష రోజు సముద్రపు నాచు సూప్ ముట్టరు, జారుడుగా ఉంటుంది, మార్కులు జారిపోతాయని, జిగటగా ఉండే మిఠాయి మాత్రం పెడతారు, సీటు అతుక్కోవాలని. మా ఇంట్లో గుడ్డు పెట్టేవాళ్ళు కాదు, గుండు సున్నా వస్తుందని. రాజస్థాన్‌లో కోచింగ్ సెంటర్ల ఊరు కోటాలో తల్వండి రాధాకృష్ణ మందిరం గోడల మీద కోచింగ్ పిల్లలు కోరికలు రాసుకుంటారు, ర్యాంకు ఇవ్వు స్వామీ అని.

ఇందులో తప్పేం ఉంది అంటే, నిజంగా చెప్పాలంటే పెద్దగా ఏం లేదు. రెండు నిమిషాలు దేవుడి పటం ముందు కళ్ళు మూసుకుంటే గుండె దడ తగ్గుతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది, చేతులు వణకడం ఆగుతుంది. వాడంతట వాడు చేసుకుంటే అది వాడి సొంత మందు. నేను కూడా క్వశ్చన్ పేపర్ కట్ట విప్పే ముందు ఒకసారి కళ్ళకి అద్దుకుంటా, సైన్స్ ఏమన్నా అనుకోనీ.

గొడవ ఎక్కడంటే, ఒకసారి పరీక్షకి ఇన్విజిలేషన్‌లో ఉన్నా. ఒక అమ్మాయి, బాగా చదివే పిల్ల, పెన్నుకి పసుపు దారం చుట్టి ఉంది, క్లిప్పు దగ్గర కుంకుమ. ముప్పావుగంట రాసిందో లేదో పెన్ను ఆగిపోయింది. విదిలించింది, అరచేతి మీద గీసింది, నోటితో ఊదింది. నేను దగ్గరికి వెళ్ళి రీఫిల్ మార్చుకో అమ్మా అన్నా. "ఆ రీఫిల్లే సార్ పూజలో పెట్టింది" అంది. కళ్ళల్లో నీళ్ళు. నా పెన్ను ఇచ్చా, తీసుకుంది, కానీ మళ్ళీ రాయడం మొదలెట్టేసరికి పావుగంట పోయింది, అక్షరాలు కూడా మారిపోయాయి. ఆ సబ్జెక్టులో 81 వచ్చాయి. వాళ్ళమ్మ వచ్చి నాతో ఏమన్నారో తెలుసా, ఆ పెన్ను ఆగకపోయుంటే 95 వచ్చేవండీ అని. ఆ పిల్ల ఏడాదంతా తెల్లారుజామున 4 గంటలకి లేచి చదివింది, నేను చూశా, అది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. వస్తే పెన్ను వల్ల, రాకపోతే పెన్ను వల్ల.

ఇంక జాతకాలు. జ్యోతిష్యుడు ఏం చెప్తాడో నేను ఇక్కడే చెప్తా చూడండి: మీవాడికి బుర్ర ఉంది, కానీ పెట్టట్లేదు, ఏకాగ్రత తక్కువ, స్నేహాల దగ్గర కాస్త జాగ్రత్త, కష్టపడితే మంచి స్థాయికి వెళ్తాడు. ఎంతమంది పిల్లలకి సరిపోతుంది చేతులెత్తండి... చూశారా. నిజానికి పేరెంట్స్ మీటింగ్‌లో నేను చెప్పేది కూడా అదే, ఫీజు తీసుకోను, అంతే తేడా. 1948లోనే ఫోరర్ అని ఇంకో సైకాలజిస్టు తన క్లాసులో 39 మందికి ఇది నీ గురించి ప్రత్యేకంగా రాసింది అని తలా ఒక కాగితం ఇచ్చాడు, ఎంత కరెక్టో 5కి మార్కులెయ్యండి అన్నాడు, సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం.

అది విదేశాల్లో, మన శాస్త్రం వేరు అంటారు కదా. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు పుణెలో మన జ్యోతిష్యంతోనే చేశారు, 2009లో అచ్చయింది. చదువులో బాగా ముందున్న పిల్లల జాతకాలు కొన్ని, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి కొన్ని కలిపేసి, 27 మంది జ్యోతిష్యులకి తలా 40 ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పండి అన్నారు. బొమ్మా బొరుసా వేసినా సగం రావాలి. వాళ్ళ సగటు సగానికి కూడా చేరలేదు. ఇంత పెద్ద తేడానే జాతకంలో కనపడకపోతే, ఈ ఏడు వస్తుందా వచ్చే ఏడు వస్తుందా అనేది ఎక్కడ కనపడుతుంది చెప్పండి.

రాహుకాలం అయితే నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది పూర్తిగా లెక్క. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేస్తారు, వారాన్ని బట్టి ఒక భాగం రాహువుది, ఆదివారం ఆఖరి భాగం. గోడ క్యాలెండర్‌లో 4:30 నుంచి 6 అని వేసేస్తారు. 2025 నీట్ ఎప్పుడు జరిగింది, మే 4, ఆదివారం, మధ్యాహ్నం 2 నుంచి 5. అంటే క్యాలెండర్ ప్రకారం చివరి అరగంట, వదిలేసిన ఫిజిక్స్ ప్రశ్నల దగ్గరికి పిల్లలు మళ్ళీ వచ్చే టైం, అంతా రాహువు చేతిలోనే. 22 లక్షల మంది రాశారు, 12 లక్షలకి పైగా క్వాలిఫై అయ్యారు. అబ్బే, క్యాలెండర్ కాదండీ, ఊరి సూర్యోదయం చూడాలి అంటారు పట్టింపు ఉన్నవాళ్ళు. అదీ వేసి చూశా. బెంగళూరులో ఆ రోజు రాహుకాలం దాదాపు 5కి మొదలవుతుంది, అంటే పేపర్లు లాగేసుకునే టైంకి. గువాహటిలో సూర్యుడు ముందే లేస్తాడు కాబట్టి నాలుగుంబావు దాటగానే మొదలు. ఒకటే పరీక్ష, ఒకటే పేపర్, అస్సాం పిల్లలకి నలభై నిమిషాలు రాహువు, మనకి సున్నా. రాహువుకి కూడా డొమిసైల్ కోటా ఉందన్నమాట. నన్నడిగితే ఆ రోజు అసలైన దుర్ముహూర్తం 1:30, గేటు మూసేసే టైం, అదీ సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఇరుక్కున్నప్పుడు.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను, మీకే తెలుసు. కర్ణాటకలో 2017లో మూఢాచారాల మీద చట్టం వచ్చింది కానీ జ్యోతిష్యం, వాస్తు దాని కిందికి రావు. అంటే లిఫ్ట్‌లో విన్న ఆ 21 వేల సంగతి మనమే చూసుకోవాలి. బసవనగుడి నేషనల్ కాలేజీ హెచ్. నరసింహయ్య గారు బెంగళూరు యూనివర్సిటీకి వీసీగా ఉండి 1976లో మహిమల మీద విచారణకి ఏకంగా కమిటీనే వేశారు, ఈ ఊళ్ళోనే. ఇప్పుడు వేస్తే ఏమవుతుందో నాకు తెలీదు, అడక్కండి.

ఆఖరిగా ఒక్కటి, ఇది ఎక్కడా చెప్పలేదు ఇంతవరకు. మాది మదనపల్లె. 1987లో నా పదో తరగతి. మా పక్కింట్లో ఒక అత్త ఉండేది, చిన్న వయసులోనే భర్త పోయాడు. నాకు ఆల్జీబ్రా వచ్చిందంటే ఆవిడ వల్లే, ఎస్సెల్సీ దాకా చదువుకుందంట పెళ్ళికి ముందు, సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి బొగ్గుముక్కతో గచ్చు మీదే చేయించేది. లెక్కల పరీక్ష రోజు పొద్దున మా అమ్మ విభూది పెట్టి, గుమ్మంలోకి వచ్చి వీధి అటూ ఇటూ చూసింది, ఎదురు ఎవరైనా వస్తున్నారా అని. పక్కింటి తలుపు వేసి ఉంది. ఆ రోజు ముగ్గు కూడా లేదు వాళ్ళ వాకిట్లో. ఎవ్వరూ ఆవిడకి చెప్పలేదు, ఆవిడే తలుపు వేసుకుంది, నేను వీధి మలుపు తిరిగేదాకా బయటికి రాకూడదని.

పేపర్‌లో మొదటి పెద్ద లెక్క ముందు రోజు రాత్రి ఆవిడ చేయించిందే. అయిపోగానే ఇంటికి కూడా వెళ్ళకుండా క్వశ్చన్ పేపర్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వాళ్ళింటికే వెళ్ళా. ఆవిడ పేపర్ వైపు చూడలేదు.

"పొద్దన ఎవురు ఎదురొచ్చినార్రా?" అంది.

నీళ్ళబిందెతో ఎవరో వచ్చారత్తా, అన్నా. అబద్ధమే. "అట్లయితే మంచిదే" అని, అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని పేపర్ చేతిలోకి తీసుకుంది.