సంతకం పక్కన నాలుగు స్వరాలు

అందరికీ నమస్కారం.

కాలేజీ చివరి రోజున ఆటోగ్రాఫ్ బుక్ పట్టుకుని తిరిగినవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో సంగీతం తెలిసిన ఇళ్లలోనూ అలాంటి ఆల్బమ్‌లు ఉండేవి. పేరున్న పియానిస్టు ఇంటికొస్తే ఆల్బమ్ ముందు పెట్టేవారు. ఆయన అందులో స్వరాలు రాసే ఐదు గీతలు గీసి, ఏదో ఒక రచన నుంచి రెండు మూడు బార్లు, అంటే తాళం లెక్కన విడగొట్టిన చిన్న స్వర ఖండాలు, రాసి, కింద సంతకం, ఊరు, తేదీ వేసేవారు. నేను వెతికేది ఆ కాగితాల కోసమే. ఒట్టి సంతకం మీద నాకు అంత మోజు లేదు.

ఎందుకంటే, ఆ కాలపు మేటి పియానిస్టులు, స్వరకర్తలు అయిన షోపాన్ 1849లో, లిస్ట్ 1886లో కన్నుమూశారు. వాళ్లు వాయించిన రికార్డు ఒక్కటీ లేదు. మరో స్వరకర్త బ్రామ్స్ వాయించింది 1889లో తొలినాటి రికార్డయిన సిలిండర్ మీదికి ఎక్కింది గానీ, ఆ గరగరలో పియానోను వెతుక్కోవాలి. ఆ చేతుల కదలిక ఇంకా కనబడేది సిరాలోనే.

2024లో న్యూయార్క్‌లోని మోర్గాన్ లైబ్రరీ ఒక చిన్న కార్డును బయటపెట్టింది. సుమారు 10 సెంటీమీటర్లకు 13, అంతే. దాని మీద 'ఎ మైనర్' అనే శ్రుతిలో 24 బార్ల వాల్ట్జ్, అంటే మూడు దెబ్బల తాళంలో సాగే నాట్య సంగీతం. పైన షోపాన్ అని పేరుంది, కానీ ఆ పేరు రాసిన చేయి వేరొకరిది! స్వరాలు మాత్రం ఆయన రాసినవేనని లైబ్రరీ తేల్చింది. కాగితం, సిరా ఆ కాలానివే, కింది స్థాయి స్వరాల గీతల మొదట్లో వేసే 'బేస్ క్లెఫ్' గుర్తు ఆయన వేసే తీరులోనే ఉంది. పేరు చెప్పలేని సంగతిని ఆ చిన్న గుర్తు చెప్పింది.

బ్రామ్స్‌ది ఇంకో ముచ్చట. వాల్ట్జ్‌లకు పేరుపొందిన వియన్నా స్వరకర్త యోహాన్ స్ట్రాస్ ఇంటి ఆడవాళ్ల విసనకర్ర మీద ఆయన స్ట్రాస్ గారి ప్రసిద్ధ వాల్ట్జ్ 'బ్లూ డాన్యూబ్' మొదటి బార్లు రాసి, కింద "అయ్యో, ఇది యోహానెస్ బ్రామ్స్‌ది కాదు" అని పెట్టారు. సాటి కళాకారుడి మీద అంత గౌరవం ఒట్టి సంతకంలో ఎక్కడ పడుతుంది?

నేను మొదట కొన్న లిస్ట్ సంతకం అచ్చుది. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే గుండె జారిపోయింది. పెన్నుతో రాస్తే గీత మీద గీత పడిన చోట సిరా చిక్కబడుతుంది, చేయి ఆగిన చోట చుక్కలా నిలుస్తుంది. దీంట్లో మొదటి నుంచి చివరి దాకా ఒకటే నలుపు. నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయినా దాన్ని పారేయలేదు.

ఈ బల్ల మీద ఎడమవైపున్నది అదే. కుడివైపుది పెన్నుతో రాసిన ఆల్బమ్ కాగితం. మధ్యలో భూతద్దం పెట్టాను. ఒకరి తర్వాత ఒకరు వచ్చి రెండూ చూడండి, కాగితాన్ని అంచులతోనే పట్టుకోండి.